తూటా ఇచ్చే చెయ్యి

అల్ ఖోర్‌లో మా అబ్బాయి ఇంటికి చేరిన కొత్తలో నాకు చేయడానికి పనే ఉండేది కాదు. పని లేకపోతే ఒళ్ళు అలవదంటారు. పని లేని రోజు ఎలా ఉంటుందో ఎరగనివాళ్ళు చెప్పే మాట అది. లేచి ఊడ్వడానికి వాకిలి లేదు, మేత వేయడానికి బర్రె లేదు. వంటింట్లోకి వెళ్తే కోడలు "మీరు కూచోండి అత్తమ్మా" అని సోఫా చూపించేది. కూచుని కూచుని నడుము పట్టేసేది. ఏసీ రోజంతా బుసకొడుతూనే ఉండేది. మనిషి లేని గదిలో చల్లదనం ఎవరికని నేను వెళ్ళి ఆపేదాన్ని. కోడలు వచ్చి మళ్ళీ వేసేది. నేను ఆపడం, ఆమె వేయడం, మా ఇద్దరి పొద్దూ చాలావరకు అట్లాగే గడిచేది.

అవి తొంభైల నడిమి ఏళ్ళు. అబ్బాయి గ్యాసు కంపెనీలో ఇంజనీరు. కతార్ అని ఎన్నిసార్లు చెప్పినా మా ఊరివాళ్ళకు అది దుబాయే. "ముసలోళ్ళిద్దరు దుబాయ్ పోయిన్రు, ఇగ బంగారం దిగేసుకొని వస్తరు" అన్నారట. నాకు దిగింది మోకాళ్ళ నొప్పి.

మా ఆయన కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని బయటికి ముఖం పెట్టి కూచునేవాడు. ఏదో చూస్తున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకునేవాళ్ళు. ఏమీ చూడడం లేదని నాకొక్కదానికే తెలుసు. ఎడమ కన్ను ఊళ్ళో ఉండగానే పోయింది. ఎక్కడో కంటి శిబిరం పెడితే వెళ్ళి పొర తీయించుకున్నాడు, చీము పట్టింది, కన్ను ఆరిపోయింది. అది అందరికీ తెలిసిన సంగతే. కుడి కన్నుకు కూడా పొర కమ్ముకొస్తోందని మాత్రం ఎవరికీ తెలియదు. వెలుగు తెలిసేది, తెల్లటిది ఏదైనా ఉంటే తెలిసేది, మనిషి కదిలితే తెలిసేది. ముఖాలు తెలిసేవి కావు. అడుగుల చప్పుడు విని కొడుకును, గాజుల చప్పుడు విని కోడలిని పేరు పెట్టి పిలిచేవాడు. నన్ను లేత రంగు చీరలే కట్టుకోమన్నాడు. బయటికి వెళ్ళినప్పుడు నేను ఒక అడుగు ముందు నడిస్తే, ఆయన నా చీర చూసుకుంటూ వెనకాల వచ్చేవాడు. చూసేవాళ్ళకు ముసలిదానికి పెత్తనం ఎక్కువ, ముందు నడుస్తోంది అనిపించేది.

"పోరనికి చెప్పినవనుకో, నా మీద ఒట్టే" అన్నాడు ఒకనాడు.

"చెప్తే ఏమైతది? మంచి డాక్టరుకు చూపిస్తడు."

"ఈ కన్ను గూడ కోపిస్తడు. ఒకటి కోసిన్రు, చూసినవ్ గద. ఇది పోతే నీ కన్నిస్తవా?"

"నా కండ్లు నాకే సరిగ లెవ్వు" అన్నాను. అంతటితో ఆ మాట ముగిసింది. ఒట్టు మాత్రం మిగిలింది. ఆయన గుడ్డితనాన్ని ఆ ఇంట్లో పొద్దస్తమానం కాపలా కాయడమే నా పని అయింది. టీ కప్పు ఆయన చేతికి తగిలేలా పెట్టడం, చెప్పులు ఒకేచోట విడిపించడం, పేపరు తలకిందులుగా పట్టుకుంటే వెళ్ళి తిప్పడం. ఏ కూలిపనికీ నేను అంత అలిసిపోలేదు.

ఇప్పుడు మా పాత సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

మాది అడవి అంచున ఉన్న పల్లె. జొన్న చేల మీద పందులు పడేవి. పంట కాపాడుకోవడానికని మా మామగారి కాలంలోనే ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉండేది, రెండు గొట్టాలది. మా అత్తగారింట్లో ఒక రివాజు. వేరే ఇళ్ళలో ఉందో లేదో నాకు తెలియదు. తుపాకీ మగవాళ్ళది, తూటాలు ఆడవాళ్ళవి. తూటాల పెట్టె బియ్యం గదిలో ఉండేది, తాళం ఇంటి ఆడదాని నడుముకు ఉండేది. వేటకు వెళ్ళే మనిషి గడప లోపల నిలబడి కుడి చెయ్యి చాపాలి. ఆమె ఎన్ని ఇవ్వాలనుకుంటే అన్ని ఆ చేతిలో పెడుతుంది. పెట్టకపోతే ఆ రోజు వేట లేదు. ఎందుకు పెట్టలేదని అడగరాదు. అడిగితే తుపాకీకి గురి పోతుందని నమ్మకం.

మా అత్త తాళంచెవి నాకు అప్పజెబుతూ అంది: "ఏట మీదికి మనసు పోయినంక మొగోనికి తెలివి ఉండదే. తెలివి ఇంట్ల పెట్టుకోవాలె. పెట్టుకొని తాళమెయ్యాలె."

నేను చదివింది మూడో తరగతి దాకా. ఆ తాళంచెవి మటుకు బాగా చదివాను. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్న రోజు, ఎవరితోనో పంతం పట్టి వచ్చిన రోజు నేను తూటా ఇవ్వలేదు. చాపిన చెయ్యి ముడుచుకుని, గొంగడి కప్పుకుని పడుకునేవాడు. తెల్లారి కూడా ఆ మాటెత్తేవాడు కాదు. వేట నుంచి వచ్చాక ఖాళీ తూటాలు నాకే అప్పజెప్పాలి. వాటి ఇత్తడి అడుగులు పోగుచేసి, కంచరివాడికిచ్చి దేవుడి ముందుకు దీపపు కుంది పోయించాను. ఊళ్ళో అందరూ నన్ను పిసినారి అనేవాళ్ళు. "ఆమె తూటాను గూడ ఉప్పు కొలిచినట్టు కొలిచి ఇస్తది" అని నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

తర్వాత కాలం బాగాలేదని పోలీసులు తుపాకులన్నీ స్టేషనులో పెట్టమన్నారు. పెట్టాం. అది మళ్ళీ ఇంటికి రాలేదు. ఆయన కన్ను పోయింది ఆ తర్వాత. రెండిట్లో దేనికి ఎక్కువ బాధపడ్డాడంటే నేను చెప్పలేను.

అబ్బాయి పై అధికారి కతారీ ఆయన. ఆఫీసులో అందరూ ముదీర్ అనేవాళ్ళు, మేమూ అదే అన్నాం. ఒక శుక్రవారం అబ్బాయి ఆయనను భోజనానికి పిలిచాడు. ముదీర్‌కు ఉర్దూ బాగా వచ్చు, చిన్నప్పుడు తండ్రితో బొంబాయి వచ్చిపోయేవాడట. మా ఆయన నిజాం కాలం బడిలో ఉర్దూ చదివినవాడు. ఇద్దరికీ మాటలు కుదిరాయి. నాకు ఉర్దూ మాట్లాడరాదు గానీ వింటే తెలుస్తుంది; ఆ మాటలు ఇక్కడ మన తెలుగులోనే రాస్తున్నాను.

ముదీర్ డేగలతో, తుపాకీతో పిట్టల వేట ఆడి చెయ్యి తిరిగిన మనిషి. ఆ చలికాలం స్నేహితులతో ఆఫ్రికాలో ఏదో అడవికి పెద్ద వేటకు వెళ్తున్నాడు. అక్కడ కోడెలంత జింకలు ఉంటాయట. పొదలు దట్టమట, దగ్గరికి వెళ్తే గానీ కనబడవట. అందుకని మామూలు తుపాకీలోనే ఒంటి గుండు తూటా వేసి కొడతారట.

"పిట్టలకు రవ్వల తూటా కొట్టడమే నాకు తెలుసు బాబా. ఒంటి గుండుతో పెద్ద జంతువును కొట్టడం ఎరగను" అన్నాడు ముదీర్.

"మా బాపు అడవి పందులను కొట్టిండు సర్, దునాలితోని, రెండు గొట్టాల దానితోని. మా ఇంట్ల ఇంతింత కోరలుండె" అని అబ్బాయి చేతులు చాచి చూపించాడు. వాడికి తండ్రి గొప్ప చెప్పుకునే సందు ఆ దేశంలో అదొక్కటే దొరికింది.

మా ఆయన తింటున్న చెయ్యి ఆగిపోయింది. "రవ్వలంటే పిడికెడు ఆవాలు విసిరినట్టు. ఏదో ఒకటి తగులుతుంది" అన్నాడు మెల్లగా. "గుండు ఒక్కటే. తగిలితే తగిలింది. తగలకపోతే ఎక్కడ ఆగుతుందో దేవుడికే తెలియాలి." ఆయన గొంతు అంత నిండుగా వినిపించి చాలా కాలమయింది. నాకు భయమేసింది.

తర్వాతి వారం తుపాకీ ఎంచిపెట్టమని ముదీర్ అల్ ఘర్రాఫాలోని తన విల్లాకు రమ్మన్నాడు. నేను కూడా వెళ్ళాను, నా చీర లేకపోతే ఆయన గుమ్మం దాటలేడు కనుక. మగవాళ్ళు కూచునే గది అది. "మా అమ్మ వయసు ఆమెది, కూచోనీ" అని ముదీర్ నాకు మూల దిండు చూపించాడు. తివాచీ మీద మూడు తుపాకులు పరిచి ఉన్నాయి. అంత పెద్ద గదిలో ఉన్న దీపాలన్నీ పట్టపగలే వెలుగుతున్నాయి. ఎవరి కరెంటో, నాకెందుకని తల తిప్పుకున్నాను.

మా ఆయన తివాచీ మీద కూచుని, మొదటి తుపాకీని ఒళ్ళోకి తీసుకుని నిలువునా తడిమాడు.

"అది దానంతటదే నింపుకుంటుంది బాబా, వరసగా కొట్టొచ్చు" అన్నాడు ముదీర్. ఆయనకు అదే ఇష్టమని గొంతులోనే తెలుస్తోంది.

"వరసగా కాల్చేవి పెళ్ళిలో టపాకాయలు. పెద్ద జంతువు మొదటి గుండుకు పడాలి. రెండోది మన భయానికి. మూడోది మన సిగ్గుకు."

ముదీర్ పగలబడి నవ్వాడు. "అయినా ఇది పోట్రగిత్తలా తన్నదు బాబా. దెబ్బ సగం అదే మింగుతుంది. నా భుజానికి అది కావాలి."

"అది నిజమే" అని మా ఆయన ఒప్పుకున్నాడు. "మా కాలంలో ఇవి లేవు. మా భుజాలే మింగేవి."

రెండోదాని గొట్టం చివర వేలు పెట్టి చూశాడు. "మూతి బిగువు. ఇది పిట్టలది. బిగువు మూతిలోంచి గుండు పోతే గురికీ మంచిది కాదు, గొట్టానికీ మంచిది కాదు. వదులు మూతిది కావాలి." మూడోది రెండు గొట్టాలది, పొట్టిగా ఉంది, మూతి వదులు. గొట్టం చివర గురి చూసుకునే పూస ఉంటుంది. మిగతా రెండింటికీ ఆ పూస చిన్న ఇత్తడి చుక్క. దీనికి మాత్రం జొన్నగింజంత తెల్లటి పూస. మా ఆయన దాన్ని బొటనవేలితో చాలాసేపు రుద్దాడు.

"ఈ పూస మంచిది" అన్నాడు. ఆయనకు అది ఎందుకు మంచిదో నాకు తెలుసు.

తర్వాత ముదీర్‌ను నిలబెట్టాడు. "తుపాకీని కన్నుతో కొనకూడదు, భుజంతో కొనాలి. కళ్ళు మూసుకో. ఎత్తి భుజానికి ఆనించు. ఇప్పుడు కళ్ళు తెరువు. పూస ఎక్కడుంది?"

"నేను చూద్దామనుకున్నచోటి కన్నా పైన" అన్నాడు ముదీర్, తనకు నచ్చిన మొదటిదానితో.

"అదే పొదల్లో అయితే నీ గుండు జింక వీపు మీదుగా పోయింది. ఇది ఎత్తు."

మూడోది ఎత్తాడు. కళ్ళు తెరిచి, మళ్ళీ మూసుకుని మళ్ళీ ఎత్తాడు. "అక్కడే ఉంది బాబా. సరిగ్గా అక్కడే."

"అయితే అదే నీది. తన్నులు కూడా నీవే."

మళ్ళీ నవ్వులు. "నువ్వు చూపించు బాబా, మీరెట్లా ఎత్తేవాళ్ళో" అన్నాడు ముదీర్. మా ఆయన లేచాడు. కళ్ళు మూసుకున్నాడు. ఒక్క ఊపున తుపాకీ వచ్చి భుజంలో ఒదిగింది, పక్షి గూట్లో వాలినట్టు. వంగిన నడుము ఎప్పుడు నిటారు అయిందో నేను చూడనే లేదు. కళ్ళు తెరిచాడు. అందరూ వాహ్ అన్నారు. ఆయనకు మూసుకున్నా తెరిచినా ఒకటేనని ఆ గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇక తూటాలు. ముదీర్ మూడు రకాల ఒంటి గుండు పెట్టెలు తెప్పించాడు. ఒకదాని సీసం మీద మెలిక గాళ్ళు ఉన్నాయి, ఒకదానికి వెనక ప్లాస్టిక్ తోక ఉంది, ఇంకోటి ఉత్త నున్నటి ముద్ద. స్లగ్ అంటారట. మా ఇంట్లో దాన్ని గుండు అనేవాళ్ళం.

"ఏది మంచిది బాబా?"

"చెప్పలేను. ఒక్కో తుపాకీకి ఒక్కోటి పడుతుంది. ఏ కోడలు ఏ ఇంట్లో ఇముడుతుందో ముందే చెప్పగలమా? మూడూ కాగితం మీద కొట్టు. ఏది దగ్గర దగ్గరగా పడితే అదొక్కటే కొను. అడవికి రెండో రకం తీసుకుపోవద్దు."

"మూడు పెట్టెలూ ఎందుకు, ఖరాబు చేసుడు కాకపోతే?" అన్నాను నేను, ఉండబట్టలేక.

"ఇగో, మా ఇంటామె లెక్క మొదలువెట్టింది" అన్నాడు మా ఆయన. దాంతో ఆ రివాజు సంగతంతా ముదీర్‌కు కథగా చెప్పాడు, చెయ్యి చాపి మరీ. ముదీర్ నా వంక చూసి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని తల వంచాడు. అది వేళాకోళమో మర్యాదో నాకు తెలియలేదు. లేవబోతుండగా అన్నాడు: "బాబా, నువ్వు మాతో రావాలి. వీసా, టికెట్టు నా పని. వచ్చే శుక్రవారం ఊరవతల మా తోటలో, మా మజ్రాలో, తూటాలు కొట్టి చూద్దాం. అక్కడ నువ్వూ ఒకటి కొట్టు. నా స్నేహితులు చూడాలి."

"వస్తా" అన్నాడు మా ఆయన. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

దారి పొడుగునా అబ్బాయి ఒకటే సంబరం. "బాపూ, నువ్వు ఆఫ్రికా పోతున్నవ్! మా ఆఫీసుల మేనేజర్లను గూడ పిలువలేదు ముదీర్." ఇంటికి వెళ్ళాక అబ్బాయి స్నానానికి వెళ్ళినప్పుడు ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళాను.

"నువ్వు పోతవా?"

"పోత."

"ఎట్ల పోతవయ్యా?"

"అడవిల కండ్లతోని ఏటాడ్తరా ఏందే? చెవులతోని ఆడ్తరు. ఆకు కదిలితే నాకు ఎరుకైతది."

"ఆకు ఎవరు కదిలిచ్చిన్రో చెవికి ఎరుకైతదా? జింక కదిలిస్తదా, ముదీర్ కదిలిస్తడా?"

ఆయన కిటికీ వైపు ముఖం పెట్టుకునే అన్నాడు: "అది చేతుల పట్టుకున్నప్పుడు నాకు పానం మళ్ల వచ్చినట్టయింది. ఒక్కసారే. నన్ను ఆపకు."

నాకు చెప్పే దారి లేదు. కొడుకుతో చెబితే ఒట్టు తప్పుతాను. ముదీర్‌తో చెబితే, నలుగురిలో నిటారుగా నిలబడ్డ మనిషిని నేనే కూలదోసినట్టు. చెప్పకపోతే, ఎక్కడ ఆగుతుందో తెలియని గుండు ఒకటి కనబడని మనిషి చేతిలో ఉంటుంది. ఆ వారమంతా నాకు సరిగా నిద్ర లేదు. కోడలు ఏసీ వేసినా ఆపడానికి లేవలేదు. "అత్తమ్మా, ఒంట్లో బాగలేదా?" అని అడిగింది పాపం.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మదీనత్ అల్ షమాల్ దారిలో ఉన్న ముదీర్ మజ్రాకు వెళ్ళాం. నాలుగు ఖర్జూరం వరసలు, ఒక పక్క మేకల దొడ్డి, మిగతాదంతా ఇసుకే. దూరంగా ఇసుక దిబ్బ పోసి, దాని ముందు నీళ్ళ సీసాలు వచ్చే అట్టడబ్బా పెట్టారు. దాని మీద కాగితం అంటించారు. తోటపని చేసే బంగ్లాదేశ్ మనిషి ఒకతను ప్రతిసారీ పరిగెత్తి వెళ్ళి కాగితం మార్చి, పక్కకు తప్పుకునేవాడు. శుక్రవారం కదా, ఉతికిన తెల్ల జుబ్బా వేసుకున్నాడు.

ముదీర్ మూడు రకాలూ కొట్టాడు. తోక ఉన్నది డబ్బా అంచులు చింపింది. నున్నటి ముద్ద డబ్బాను ముట్టనే లేదు, దిబ్బలో దుమ్ము లేపింది. మెలిక గాళ్ళది మాత్రం అరచేతి వెడల్పులో పడింది, ఒకదాని పక్కన ఒకటి. కాగితం చూసి స్నేహితులందరూ అరిచారు. మా ఆయన ఆ బొక్కలను వేళ్ళతో తడిమి, "ఇదే నీ కోడలు" అన్నాడు. భుజం ఎట్లా ఉందని అడిగాడు. "కాలిపోతోంది బాబా" అన్నాడు ముదీర్ రుద్దుకుంటూ. అందరూ సంతోషంగా ఉన్నారు. నా మోకాళ్ళు మాత్రం పట్టేశాయి, కూచుంటే ఆయనకు నా చీర ఆనవాలు తప్పుతుందని నిలబడే ఉన్నాను.

"యల్లా బాబా, ఇక నువ్వు" అన్నాడు ముదీర్, తుపాకీ అందిస్తూ.

"తూటాలు మా ఇంటామె చేతికివ్వు. ఆమె చేతి నుంచి తీసుకుంటా."

ముదీర్ నవ్వుతూ మెలిక గాళ్ళవి రెండు నా చేతిలో పెట్టాడు. కారు ఏసీలో ఉండి వచ్చినవి కదా, చల్లగా ఉన్నాయి. మన తూటాల కన్నా బరువు.

మా ఆయన ఖాళీ తుపాకీని ఒకసారి భుజానికి ఎత్తి చూసుకున్నాడు. అందరూ ఆయన నిలబడిన తీరునే చూస్తున్నారు. నేను గొట్టం మూతిని చూశాను. కాగితం మార్చిన మనిషి డబ్బాను వదిలి మేకల దొడ్డి వైపు నడుస్తున్నాడు. మూతి అతనితోపాటే మెల్లగా జరిగింది. అతను దొడ్డి దగ్గర ఆగాడు. మూతీ ఆగింది. ఇసుక రంగులో కలిసిపోయిన అట్టడబ్బా గానీ, దాని మీది చిన్న కాగితం గానీ అంత దూరం నుంచి ఆయనకు కనబడలేదు. అంత మైదానంలో ఆయనకు కనబడింది ఆ తెల్ల జుబ్బా ఒక్కటే. కాగితం అనుకున్నాడు. ఆయన పెదవి కొసన చిన్న నవ్వు వచ్చింది. గురి దొరికినప్పుడు వచ్చే నవ్వు అది, నాకు తెలుసు.

తుపాకీ దించి, గొట్టాలు విప్పి మోచేతి మీద వేసుకుని, కుడి చెయ్యి నా వైపు చాపాడు.

నేను పిడికిలి బిగించాను.

చాపిన చెయ్యి అట్లాగే ఉంది. "ఏమే" అన్నాడు నాకు మాత్రమే వినబడేలా.

"ఇయ్య" అన్నాను. అందరికీ వినబడేలా అన్నాను.

"అమ్మా!" అన్నాడు అబ్బాయి. "ఏం చేస్తున్నవే? అందరు చూస్తున్నరు, ఇయ్యి."

"నేనియ్య."

"ఏమైంది?" అన్నాడు ముదీర్. అబ్బాయి ముఖం ఎర్రబడింది. ఏదో ఒకటి చెప్పాలి కదా, అందుకని ఇంగ్లీషులోనూ ఉర్దూలోనూ కలిపి, "మా అమ్మ కొంచెం పొదుపు మనిషి సర్, తూటా ఖరాబవుతుందని..." అన్నాడు.

"మా జీ, అమ్మగారూ!" అన్నాడు ముదీర్ చేతులు జోడించి. "ఇంకా పెట్టెలున్నాయి! అయిపోతే మళ్ళీ కొంటా! ఫులూస్ గురించి ఆలోచించకండి!" స్నేహితులు నవ్వారు. ఒకాయన కడుపు పట్టుకున్నాడు. నేను కదలలేదు. ఊళ్ళో సగం జన్మ విన్న నవ్వే కదా, ఇక్కడ కొత్త మనుషులు నవ్వుతున్నారు, అంతే అనుకున్నాను.

మా ఆయన చెయ్యి మెల్లగా ముడుచుకుంది. ఆయన తుపాకీని రెండు చేతులతో ముదీర్‌కు తిరిగి అందించాడు.

"మా ఇంటామె పిసినారితనం మీకు తెలియదు" అన్నాడు నవ్వుతూ. "ఆమె ఇవ్వకపోతే ఆ వేట లేదు. ఇక్కడా లేదు, ఆఫ్రికాలోనూ లేదు. మా ఇంటి రివాజు."

"కానీ ఎందుకివ్వలేదు బాబా?"

"అడగరాదు."

ఆ తర్వాత మాంసం, అన్నం తిన్నారు. నాకు పండ్లు ఇచ్చారు.

తిరుగు దారిలో అబ్బాయి మాట్లాడిన మాటలన్నీ రాయను. పరువు తీశావన్నాడు, ఒక్క తూటాకు కక్కుర్తి పడ్డావన్నాడు, బాపు ఎంత ఆశపడ్డాడో చూడలేదా అన్నాడు. "నీకు ఏసీ బంద్ చేసుడు, మనుషుల సంతోషం బంద్ చేసుడు, రెండే తెలుసు" అన్నాడు. వాడి కోపంలో న్యాయం ఉంది, వాడికి తెలిసినంతలో. వెనక సీట్లో మేమిద్దరం పక్కపక్కన కూచుని విన్నాం. పెట్రోలు పోయించుకోవడానికి బంకులో ఆపి వాడు దిగాడు.

అప్పుడు మా ఆయన అడిగాడు: "నేను గురివెట్టింది డబ్బనే గద?"

"కాదు."

"తెల్లగ కనబడ్డది. కాయితం గాదా?"

"కాదు."

"మరేంది?"

"మనిషి" అన్నాను.

ఆయన సీటు మీద తడుముకుంటూ నా చేతి కోసం వెతికాడు. దొరికింది. అది ఇంకా పిడికిలిగానే ఉంది. వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పాడు. తూటాలు రెండూ అందులోనే ఉన్నాయి, ఒంటి వేడికి వెచ్చబడి.

"ఇంక పట్టుకునే ఉన్నవా?" అన్నాడు.

నాకు ఆ సంగతే గుర్తు లేదు. అన్నం దగ్గర కూచున్నప్పుడు కూడా ఎడమ చేత్తోనే పండు ముట్టుకున్నట్టున్నాను. అబ్బాయి వచ్చి తలుపు తీసి వాటిని చూసి నెత్తి పట్టుకున్నాడు. "అమ్మా! ఇవి మన దగ్గర దొరికితే ఏమైతదో తెలుసా నీకు? ఇదేమన్న మన ఊరా?" కారు వెనక్కి తిప్పాడు. ఆ దారంతా మళ్ళీ వెళ్ళాం. నా ఒళ్ళు ఇక నాది కాదనిపించింది.

ముదీర్ గేటు దగ్గరే ఉన్నాడు. అబ్బాయి క్షమాపణలు చెబుతూనే ఉన్నాడు. నేను మోకాళ్ళు పట్టుకుని కారు దిగి, ఆయన ముందు నిలబడ్డాను. ముదీర్ నవ్వలేదు. మా ఆయన చూపించిన తీరులోనే, నిటారుగా నిలబడి కుడి చెయ్యి చాపాడు. నేను రెండు తూటాలూ ఆ చేతిలో పెట్టాను. ఆయన వేళ్ళు మూసుకుని తల వంచాడు. ఈసారి అది మర్యాదేనని నాకు తెలిసింది.

తిరిగి వచ్చి కూచున్నాను. "ఇచ్చినవా?" అన్నాడు మా ఆయన.

"ఇచ్చిన."

కారు కదిలింది. అల్ ఖోర్ దగ్గర పడుతుండగా మా ఆయన ముందుకు వంగి, కొడుకు సీటును తడిమి, వాడి భుజం పట్టుకున్నాడు.

"బిడ్డా, రేపు నీ డ్యూటీ అయినంక నన్ను కంటి దవాఖానకు తోల్కపో."

"దేనికి బాపూ? ఏమైంది?"

"అడగరాదు" అన్నాడు.

అబ్బాయి అద్దంలో నా వంక చూశాడు. నేను కిటికీ వైపు తిరిగాను. కారులో ఏసీ బుసకొడుతోంది. చల్లబడింది కదా, ఇక ఆపెయ్యరా అందామనుకున్నాను. నోరు తెరిచే ఓపిక లేకపోయింది.